కుడివైపు ఇండికేటరు

నవంబరు 4, సోమవారం

బండి ఇంటికొచ్చింది. పర్వేజ్ బావగారు ట్రాలీ ఆటోలో వేయించుకొచ్చి, వాకిట్లో దింపించి, దాని మీద ఒక పాత పరదా కప్పించారు. పరదా ఎందుకండీ అన్నాను. "చూస్తే తమ్ముడికి బెంగగా ఉంటుందమ్మా" అన్నారు. ఆయన వీధి మలుపు తిరగ్గానే పరదా లాగి అవతల పారేశాను. బండేమన్నా శవమా, ముసుగు వేయడానికి?

ఎడమ అద్దం లేదు. ముందు మడ్‌గార్డు వంకరపోయింది. ట్యాంకు మీద పెద్ద సొట్ట. హ్యాండిలు మాత్రం తిన్నగా ఉంది. నేనూ తిన్నగానే ఉన్నాను.

గుండుగొలనులో రాజీ ఎలా జరిగిందో ఇవాళే తెలిసింది. ఈయన మలుపులో కుడివైపుకి, కొల్లేరు రోడ్డులోకి తిరుగుతుంటే ఎదురుగా వచ్చి గుద్దాడు కదా ఆ వ్యాను కుర్రాడు, పేరు చరణ్‌తేజట, పెద్దమనుషుల ముందు నిలబడి "సిగ్నల్ వెయ్యకుండా అడ్డంగా తిరిగేశారండీ" అన్నాడట. దానికి బావగారు, సొంత అన్న అయ్యుండి, "మావాడిదే పొరపాటండీ" అని ఒప్పేసుకుని కాగితం మీద సంతకం పెట్టొచ్చారు. కోర్టుల చుట్టూ ఎవడు తిరుగుతాడమ్మా, గొడవ వదిలిపోయింది అంటున్నారు.

"ఎవరికి వదిలిందండీ?" అన్నాను. వినపడనట్టు చెప్పులేసుకున్నారు.

ఆసుపత్రిలో కళ్లు తెరిచాక ఈయన అన్న మొదటి మాట మంచినీళ్లు కూడా కాదు. "ఇండికేటర్ వేశాను" అన్నారు. కాలు రెండు ముక్కలై ఉంది, నోట్లోంచి వచ్చింది ఆ మాట. ఇరవై ఏళ్లుగా ఊరూరా తిరిగి నైటీలు, లంగాలు, దుప్పట్లు అమ్మే మనిషి. రంగు పోతుందా అని అడిగితే "మొదటి ఉతుకులో కొంచెం పోతుందండీ" అని చెప్పి బేరం పోగొట్టుకొచ్చే మనిషి. ఆయన వేశానన్నారంటే వేశారు.

నవంబరు 5

ఆయన వేశారు.

నవంబరు 9, శనివారం

బావగారు మళ్లీ వచ్చారు. ఈసారి బిస్కట్లు తెచ్చారు. బిస్కట్లు తెచ్చారంటేనే ఏదో ఉందనుకున్నాను, ఉంది. తాడేపల్లిగూడెంలో ఎవరో బండి కొంటారట, డిసెంబరు మొదటి ఆదివారం వచ్చి తీసుకెళ్తారట. ఈయన కాలు కుదుటపడ్డాక బావగారి చెప్పుల కొట్లో కూర్చోవచ్చట.

"బండి మీద తిరగడం ఇక వదిలెయ్యండమ్మా. వాడికి రోడ్డు మీద ధ్యాస ఉండటం లేదు."

ఈయన గోడవైపు తిరిగి పడుకుని ఉన్నారు. నిద్రపోలేదు. నిద్రపోతే ఆయన వీపు అలా ఉండదు.

"బండి అమ్మటం లేదండీ. నేను నడుపుతాను" అన్నాను. ముందుగా అనుకుని అన్న మాట కాదు. నోట్లోంచి వచ్చేసింది. వచ్చాక చూసుకుంటే బాగానే ఉంది.

"నువ్వా?"

"నేనేనండీ."

"గేర్ల బండమ్మా అది."

"తెలుసండీ. నాలుగున్నాయి."

బావగారు బిస్కట్ల పొట్లం వంక చూశారు, వెనక్కి తీసుకెళ్లాలా వద్దా అన్నట్టు. తర్వాత మెల్లగా మొదలుపెట్టారు. ఊళ్లో ఏమనుకుంటారు, మన ఇళ్లలో ఆడవాళ్లు ఎవరైనా ఇలా చేశారా, పొద్దున వెళ్తే చీకటి పడ్డాక రావాలి, కొల్లేరు గట్ల మీద రోడ్లు ఎలా ఉంటాయో నీకు తెలుసా. అన్నిటికీ "అలాగేనండీ" అన్నాను. నా అలాగేనండీకి అర్థం ఆయనకి ఇంకా తెలియదు.

ముదినేపల్లిలో మా నాన్న మొహిద్దీన్ నాకు కాలవ గట్టు మీద బండి నేర్పించినప్పుడు కూడా ఊరంతా ఇలాగే అంది. "పడితే కాలవలోనే కదా పడుతుంది, ఈత వచ్చు" అన్నారు నాన్న. లైసెన్సు కూడా తీయించారు. అది బీరువాలో నా పెళ్లి చీర కింద ఉంది, నెలన్నర కిందటే చూశాను, ఇంకా చెల్లుతుంది. ఎందుకు చూశానో తెలియదు. ఊరికే చూశాను.

కొల్లేరు లంక ఊళ్లలో క్రిస్మస్ బట్టలు డిసెంబరు మొదట్లోనే తీసేసుకుంటారు. ఈయన కోసం చూస్తారు, రాకపోతే ఇంకొకరి దగ్గర కొంటారు. ఒకసారి ఇంకొకరి మూట విప్పిన గుమ్మం ముందు మళ్లీ మన మూట విప్పడం ఎంత కష్టమో నాకు తెలుసు.

నవంబరు 10

కిక్కు కొట్టాను. ఏడోసారికి స్టార్టయింది. పక్కింటి ప్రసన్నలక్ష్మి గారు గోడ మీంచి చూసి "బండి బాగుందా సఫియా?" అన్నారు. బండి బాగోకపోతే స్టార్టవుతుందా అని అనలేదు. బాగుందండీ అన్నాను.

నవంబరు 13

ఇవాళ మధ్యాహ్నం అన్నం పెడుతుంటే ఆయన అన్నారు: "ఏమో సఫియా. వెయ్యలేదేమో."

నాకు ముందు అర్థం కాలేదు. ఉప్పు సంగతేమో అనుకున్నాను.

"అందరూ అదే అంటున్నారు. అన్నయ్య కూడా ఒప్పుకున్నాడు. వేసుంటే ఆ అబ్బాయికి కనబడేది కదా. ఎదురుగానే ఉన్నాడు."

"వేశానని మీరే చెప్పారు."

"అప్పుడు అలా అనిపించింది. ఇప్పుడు గుర్తులేదు."

చేతిలో గ్లాసు నేలకేసి కొట్టాను. స్టీలు గ్లాసు, దానికేం కాలేదు. గుండ్రంగా దొర్లుకుంటూ పోయి మంచం కిందికి చేరింది. ఆయనే కర్రతో ఇవతలికి లాగి ఇచ్చారు.

కాలు అతుక్కుంటుందని డాక్టరు గారు చెప్పారు. రాడ్డు వేశారు, ఎక్సరేలో కనబడుతోంది, నేను చూశాను. ఇది ఏ ఎక్సరేలో చూడను? తన మాట తనకే నమ్మకం లేని మనిషి రేపు ఎవరి గుమ్మం ముందు మూట విప్పుతాడు? అన్న కొట్లో ఓ మూల స్టూలు మీద కూర్చుని, ఎవరేమన్నా "అవునేమో" అంటాడు. ఇవాళ ఇండికేటర్ వెయ్యలేదేమో అన్నాడు, రేపు నేనెందుకూ పనికిరానేమో అంటాడు. నేను చస్తే ఒప్పుకోను.

ఆ వ్యాను కుర్రాడు ఎక్కడున్నా వాడి నోరు పడిపోవాలి. అబద్ధాలకోరు. వాడి గురించి ఇంకెప్పుడూ రాయను.

నవంబరు 14

వాడికి పెళ్లి కూడా కాలేదట. ఎవరిస్తారు, అలాంటివాడికి.

నవంబరు 17, ఆదివారం

ఈయన ఎలా కట్టేవారో అలాగే సంచులు కట్టి చూశాను. వెనక పెద్ద మూట. ముందు రెండు సంచులు, ఒక్కోటి ఒక్కో ఇండికేటరు కాడకి తగిలించి, ట్యాంకుకి అటూ ఇటూ వేలాడేసి. పదేళ్లుగా అంతే. నేను రోజూ చూసిందే.

కానీ ఎప్పుడూ బండి వెనకాల నిలబడి పంపించడమే. ఎదురుగా నిలబడి చూసింది ఇవాళే. సంచుల నోళ్లు ఇండికేటర్లకి సగం అడ్డం వచ్చాయి. కాడలు రెండూ బరువుకి కిందకి వంగిపోయి, తల దించుకున్నట్టు ఉన్నాయి.

వీధిలోకి వెళ్లి నిలబడ్డాను. ఏలూరులో వచ్చే పోయే బండ్లన్నీ చూశాను. ఒకదానికి పాల ప్యాకెట్లు, ఒకదానికి టిఫిను క్యారియరు, ఒకదానికి గోంగూర కట్టలు. అన్నీ ఇండికేటరుకే. కంపెనీవాడు పాపం దీపం అనుకుని పెట్టాడు, మనవాళ్లు కొక్కెం అనుకున్నారు.

సగమే కదా అడ్డం. మిగిలిన సగం కనబడుతుంది కదా. ఆ కుర్రాడు చూడాలనుకుంటే చూసేవాడు.

అయినా సరే, నేను వెళ్లేటప్పుడు అలా ఉండకూడదు. ముందు ఇండికేటర్లు రెండూ అక్కణ్ణించి తీసేసి, కింద కాళ్లకి అడ్డంగా ఉండే ఇనుప సేఫ్టీ గార్డుకి పెడతాను. గార్డు బయటికి వచ్చి ఉంటుంది, సంచులు అడ్డం రావు. ఎదురుగా వచ్చేవాడి మొహాన వెలగాలి.

మెకానిక్ ఏలీయా గారు ఈయనకి పాత స్నేహితుడు. చర్చి నుంచి వచ్చే వేళకి ఇంటికే వెళ్లి అడిగాను. చొక్కా గుండీ తిప్పుకుంటూ "మీ బావగారు ఫోన్ చేశారమ్మా. బండి అమ్మేస్తున్నాం, ఏమీ ముట్టుకోవద్దన్నారు" అన్నారు. "అయినా కంపెనీ పెట్టినచోటు నుంచి మార్చడం ఎందుకమ్మా?"

"కంపెనీవాడు సంచులు మోయడు కదండీ."

నవ్వారు గానీ కదల్లేదు. సరే, స్క్రూడ్రైవరూ పానాలూ అరువివ్వండి చాలు అన్నాను. అది మాత్రం బావగారు వద్దనలేదట. ఇచ్చారు.

నవంబరు 19

గార్డు గొట్టానికి సరిపడే క్లాంపులు కావాలి. బస్సెక్కి తాడేపల్లిగూడెం వెళ్లాను. ఏలూరులో దొరకవా అంటే దొరుకుతాయి. ఏలూరులో ఏ కొట్లో అడిగినా సాయంత్రానికి బావగారికి తెలుస్తుంది.

పాత సామాన్ల కొట్టాయన "మీవారిని పంపండమ్మా, సైజు తెలియాలి" అన్నాడు. బట్టలు కొలిచే టేపుతో గొట్టం చుట్టుకొలత తీసుకెళ్లాను, చెప్పాను. "బండి ఎవరిదమ్మా?" అన్నాడు. నాదండీ అన్నాను. ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. క్లాంపులు కాగితంలో చుట్టి ఇచ్చాడు.

బస్సు గుండుగొలను మీదుగానే వెళ్లింది, వచ్చింది. రెండుసార్లూ కిటికీలోంచి చూడలేదు. మలుపులో టీ బడ్డీకి కొత్త రేకు వేశారు.

నవంబరు 22, శుక్రవారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి. లేకపోతే రేపు నేనే నమ్మను.

ఆయన నమాజు మంచం మీదే కూర్చుని చేసుకున్నారు. తర్వాత మంచం కిటికీ దగ్గరికి జరిపించుకుని, నేను బండి విప్పుతుంటే చూస్తూ కూర్చున్నారు. చూడటం లేదన్నట్టు చూశారు.

హెడ్‌లైటు విప్పితే లోపల వైర్లు కుప్పగా ఉన్నాయి. ఎడమ ఇండికేటరు ముందు తీశాను. దానికి నారింజ రంగు వైరు. ఒక మూర వైరు అతుకేసి గార్డు దాకా లాగి, క్లాంపుతో బిగించి స్విచ్చి వేస్తే వెలగలేదు. అంత గొప్పలు పోయి ఇదా అనుకున్నాను. కిటికీలోంచి ఆయన "గార్డుకి పెయింటుంది" అన్నారు. అంతే అన్నారు. ఇన్ని రోజుల్లో బండి పని గురించి అడక్కుండా అన్న మొదటి మాట. ఇనుముకి ఇనుము తగలకపోతే కరెంటు అందదు కదా. క్లాంపు కింద పెయింటు గరుకు కాగితంతో గీకేసి ఇనుము తేలాక బిగించాను. వెలిగింది. టిక్... టిక్... టిక్. నెమ్మదిగా, ఎప్పట్లాగే. ఎడమది ఎప్పుడూ అలాగే కొట్టుకునేది.

తర్వాత కుడిది. దాని నీలం వైరు కోసం వెతికితే, అది దేనికీ తగిలించి లేదు. కొస ఊడిపోయి కుప్పలో అడుగున పడి ఉంది. పిన్ను మీద పచ్చగా చిలుము, దాని మీద దుమ్ము, దుమ్ములో సాలీడు గూడు. కాడ వంగి వంగి ఎప్పుడో లాగేసింది దాన్ని. సెప్టెంబరులో గుద్దినప్పుడు ఊడింది కాదు. మొన్న ఊడిన పిన్నుకి అంత చిలుము పట్టదు.

నేను ఆ సంగతి ఆలోచించలేదు. వైరు శుభ్రం చేసి తగిలించి, గార్డుకి బిగించి, స్విచ్చి కుడివైపుకి వేశాను.

టిక్... టిక్... టిక్.

ముందు వెలిగింది, వెనక వెలిగింది. నాకు సంతోషమేసింది. చూశారా అని కిటికీ వైపు తిరిగాను. ఆయన మొహం అదోలా ఉంది.

"అది మన బండి చప్పుడు కాదు" అన్నారు.

"మరెవరిదండీ?"

"కుడికి వేస్తే మనది గబగబా కొట్టుకుంటుంది. టిక్‌టిక్‌టిక్‌టిక్ అని."

కొట్టుకునేది. ఆ చప్పుడు నాకంటే ఎవరికి తెలుసు? మెయిన్‌రోడ్డు మీంచి మా వీధిలోకి ఆయన తిరిగేది కుడివైపుకే. ఆ గబగబా చప్పుడు వినపడగానే నేను అన్నం గిన్నె మూత తీసేదాన్ని. పక్కింటి పిల్లలు నోటితో అనుకరించేవాళ్లు. బండి హుషారుగా ఉంది, ఇంటికి తొందరపడుతోంది అని ఆయన అనేవారు, నేను నవ్వేదాన్ని. ఎన్నేళ్లుగానో.

నీలం వైరు మళ్లీ ఊడబీకాను. స్విచ్చి వేశాను.

టిక్‌టిక్‌టిక్‌టిక్‌టిక్.

వెనక గబగబా వెలుగుతోంది. ముందు చీకటి.

వైరు పెట్టాను. నెమ్మది. తీశాను. గబగబా. పెట్టాను, తీశాను. ఎన్నిసార్లు చేశానో తెలియదు. ఏలీయా గారికి ఫోన్ చేసి అడిగాను. "అవునమ్మా, ఒక బల్బు వెలక్కపోతే మిగిలింది తొందరగా కొట్టుకుంటుంది. అది హుషారు కాదమ్మా, ఒకటి పోయిందని చెప్పడం. షాకిర్ ఎప్పుడూ బాగు చేయమని అడగలేదు, బాగుందనేవాడు."

ఫోన్ పెట్టేసి ఆయన దగ్గరికి వెళ్లి మంచం మీద కూర్చున్నాను.

"ఆ రోజు చప్పుడు విన్నారా మీరు?"

"విన్నాననే అనుకుంటున్నాను" అన్నారు. "కానీ రోజూ వినే చప్పుడు సఫియా. ఏ రోజుదో ఎలా చెప్పను?"

నవంబరు 23

ఆ కుర్రాడు అబద్ధం చెప్పలేదు.

రాయనని మొండికేశాను. రాశాను. వాడికి ఎదురుగా ఏమీ వెలగలేదు. వాడు చూసిందే చెప్పాడు. ఇన్నాళ్లూ తిట్టిన తిట్లన్నీ ఏం చేసుకోను ఇప్పుడు?

కానీ ఆయన కూడా అబద్ధం చెప్పలేదు. నేను వదలను.

నవంబరు 26, మంగళవారం

బండి మీద గుండుగొలను వెళ్లొచ్చాను. బురఖా పైకి దోపుకుని, హెల్మెట్ పెట్టుకుని. లారీలు పక్కనుంచి పోతుంటే బండి ఊగింది. భయపడలేదు. సరే, పడ్డాను. ఆగలేదు.

మలుపు దగ్గర టీ బడ్డీ ముందు ఆపాను. బడ్డీ వరమ్మ గారిది. అరవై ఏళ్లుంటాయి, మెడలో వెండి సిలువ. బండి చూడగానే "షాకిర్ గారిది కదమ్మా ఇది? ఎలా ఉన్నారమ్మా ఆయన?" అని బెంచీ తుడిచారు. నేను కూర్చోలేదు. ఆ రోజు మీరిక్కడే ఉన్నారా అని అడిగాను.

"ఉన్నానమ్మా. పెద్దమనుషులు నన్నూ అడిగారు, సిగ్నల్ లైటు చూశావా అని. నేను లోపల పొయ్యి దగ్గరున్నాను, చూళ్లేదండీ అన్నాను. ఉన్నది చెప్పాలి కదమ్మా."

"చప్పుడు విన్నారా?"

"ఏ చప్పుడు? టిక్‌టిక్‌టిక్ అదా? అది వినే కదమ్మా టీ పెట్టాను!" అన్నారు, ఇదేం ప్రశ్న అన్నట్టు. "ఆయన బండి మలుపులో తిరుగుతుంటే ఆ చప్పుడొస్తుంది. వస్తే నేను పాలు పొయ్యి మీద పెడతాను. ఆయనకి నీళ్లు కలపని టీ కావాలి. ఆ రోజూ పెట్టాను. పెట్టి తిరిగేసరికి దబ్బుమంది. అందరం పరిగెత్తాం. వచ్చి చూస్తే పాలన్నీ పొంగిపోయి పొయ్యి ఆరిపోయింది."

"మరి ఎవరికీ చెప్పలేదేమండీ?"

"చప్పుడు గురించి ఎవరడిగారమ్మా? లైటు అడిగారు."

అప్పుడు కూర్చున్నాను.

చరణ్‌తేజ ఇల్లు బడ్డీ వెనక సందులోనే. వరమ్మ గారే కేకేసి పిలిపించారు. ఎలా ఉంటాడో అనుకున్నాను ఇన్నాళ్లూ. సన్నగా, పొడుగ్గా, నన్ను చూసి చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక జేబుల్లో పెట్టుకున్నాడు. "నేను వ్యాను మానేశానండీ. చేపల చెరువు దగ్గర మేత పనికి వెళ్తున్నాను" అన్నాడు, నేను అడక్కుండానే.

బండికి ఎదురుగా నిలబడమన్నాను. హెడ్‌లైటు విప్పి, నీలం వైరు ఊడదీసి కుడికి స్విచ్చి వేశాను.

"ఆ రోజు నువ్వు చూసింది ఇదేనా?"

"ఇదేనండీ. ఏమీ వెలగటం లేదండీ. ఒట్టండీ, నేను అబద్ధం—"

"నువ్వు అబద్ధం చెప్పలేదు బాబూ. ఇప్పుడు వెనక్కి వెళ్లి చూడు."

వెళ్లాడు. అక్కడే నిలబడిపోయాడు. వెనక దీపం గబగబా వెలిగి ఆరుతుంటే వాడి తెల్ల చొక్కా మీద పసుపు రంగు పడుతూ పోతూ ఉంది. వరమ్మ గారు బడ్డీలోంచి తల బయటపెట్టి "ఇదే, ఇదే చప్పుడు!" అన్నారు.

వాడు ఆ దీపాన్నే చూస్తూ అన్నాడు. "వేశారండీ అయితే."

"మళ్లీ చెప్పు" అని బావగారికి ఫోన్ కలిపి స్పీకరు పెట్టాను. కొట్లో బేరంలో ఉన్నారు, వినపడుతోంది. అయినా ఆగలేదు.

"ఆయన సిగ్నల్ వేశారండీ. ముందుది వెలగలేదండీ, నాకు కనబళ్లేదండీ. ఆయన మాత్రం వేశారండీ."

అటునుంచి కొంతసేపు చెప్పుల బేరమే వినపడింది. తర్వాత బావగారు "సరేనమ్మా. ఇప్పుడు దానివల్ల ఏమొస్తుంది?" అన్నారు.

"కొత్తగా ఏమీ రాదండీ. పోయింది వెనక్కొస్తుంది."

చరణ్‌తేజ "తప్పైపోయిందక్కా" అన్నాడు. తప్పు నీది కాదు, ఆయనదీ కాదు, సంచిది అన్నాను. వాడికి ఎన్ని తిట్లు దాచుకున్నానో వాడికి తెలియదు. అవన్నీ అక్కడే వదిలేసి ముగ్గురం టీ తాగాం. నీళ్లు కలపనిది. వ్యాను మళ్లీ ఎక్కమని చెప్పాను. ఎక్కుతాడో లేదో.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. మొత్తం విన్నారు. నేను ఆగాక ఒకటే అడిగారు.

"నా టీ పెట్టిందా ఆవిడ?"

"పెట్టింది. పొంగిపోయిందట."

నవ్వారు. నవ్వు మధ్యలో ఏడుపైపోయింది. భుజం మీద చెయ్యి వేసి కూర్చున్నాను. తేరుకున్నాక, "నేను వేశాను" అన్నారు. ఆసుపత్రిలో అన్నట్టే. నేనూ ఏడ్చాను. ఈసారి దాచలేదు.

డిసెంబరు 1, ఆదివారం

గూడెం నుంచి ఆయనెవరో వచ్చాడు, బావగారు వెంటబెట్టుకుని. బండి చుట్టూ తిరిగి "ఇండికేటర్లు కింద పెట్టారేంటండీ, ఒరిజినల్ కాదా?" అన్నాడు. నేను నోరు తెరిచేలోపు లోపల్నుంచి కర్రల చప్పుడు. ఈయన రెండు కర్రల మీద గుమ్మం దాకా వచ్చి నిలబడ్డారు. మంచం దిగి అంత దూరం రావడం అదే మొదలు.

"బండి అమ్మటం లేదండీ" అన్నారు.

"మరెవరు నడుపుతార్రా?" అన్నారు బావగారు.

"మా ఇంటావిడ."

"ఊళ్లో ఏమంటారో—"

"అన్నయ్యా, గుండుగొలనులో నాదే పొరపాటన్నావు. ఆ మాట వెనక్కి తీసుకో."

గొంతు పెంచలేదు. ఆయనకి పెంచడం రాదు. బావగారు వచ్చిన మనిషి వంక చూశారు, నా వంక చూశారు, నేల వంక చూశారు. చివరికి "తీసుకున్నాను లేరా" అన్నారు. చెప్పులేసుకుంటూ అన్నారు. అయినా అన్నారు. వెళ్లేటప్పుడు గేటు దగ్గర ఆగి, "కుడి టైర్లో గాలి తక్కువుందమ్మా" అన్నారు. మోటారుసైకిలుకి కుడి టైరేంటో అడగలేదు. ముందు టైరు చూసుకుంటే నిజంగానే తక్కువుంది.

డిసెంబరు 3

సంచులు ఇక ఇండికేటర్లకి తగిలించేది లేదు, మరెక్కడ కట్టాలా అని నేను తాళ్లు వెతుక్కుంటుంటే ఆయన దిండు కింద నుంచి తీసిచ్చారు. మందపాటి దుప్పటి గుడ్డ రెండు పొరలు వేసి, ట్యాంకు మీద అడ్డంగా పడేలా, అటొక జేబు ఇటొక జేబు. మూడు రోజులుగా నేను కూరలకి వెళ్లినప్పుడల్లా చేత్తో కుట్టారట. మిషను తొక్కడానికి కాలు లేదు కదా. కుట్లు వంకర టింకరగా ఉన్నాయి. ఆ ముక్క ఆయనకి చెప్పలేదు.

కుడి జేబులో టిఫిను క్యారియరు పట్టేంత అర వేరే కుట్టారు.

డిసెంబరు 4

ఇవాళ.

అదే రోజు, సాయంత్రం

ఒళ్లంతా దుమ్ము. నడుం విరిగిపోయింది. గట్టు రోడ్ల మీద రెండుసార్లు బండి ఆగిపోయింది, ఒకసారి గేదెల మంద అడ్డం వచ్చింది. ఒక ఊళ్లో మగవాళ్లు అరుగు మీద కూర్చుని "ఇదెవరండీ బాబూ" అన్నారు. వినపడేలాగే అన్నారు. "షాకిర్ గారి ఇంటావిడనండీ, క్రిస్మస్ బట్టలు తెచ్చాను, లోపల అమ్మగార్ని పిలవండి" అన్నాను, నేనూ వినపడేలాగే. ఆడవాళ్లు నా దగ్గర నైటీలు కొలతలు చూసి తీసుకున్నారు. ఆయన దగ్గర సిగ్గుపడి ఏదో ఒకటి తీసుకునేవారట. ఈ మాట ఆయనకి చెప్పాలి. మెల్లగా చెప్పాలి.

పొద్దున గుండుగొలను మలుపులో ఎదురుగా ఇసుక లారీ వచ్చింది. నేను మధ్యలో ఆగి, కుడికి వేసి నిలబడ్డాను. లారీ దూరం నుంచే నెమ్మదించి, డ్రైవరు వెళ్లమ్మా అని చెయ్యి ఊపాడు. వెళ్లాను. బడ్డీలోంచి వరమ్మ గారు కూడా చెయ్యి ఊపారు.

చీకటి పడకముందే మా వీధిలోకి తిరిగాను. గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వాకిట్లో ఆపేదాకా నన్ను చూడలేదు, వీధి చివరికే చూస్తున్నారు.

"ఎవరి బండో అనుకున్నాను" అన్నారు. "ఆ పాత చప్పుడు కోసం చూస్తున్నాను. దీనికి అలవాటు పడాలి."

నేను హెల్మెట్ తీశాను. కర్ర పట్టుకుని లేచి, ట్యాంకు మీది సంచిలోంచి ఖాళీ క్యారియరు తనే తీసుకున్నారు. తీసుకుని, లోపలికి వెళ్లబోతూ ఆగారు.

"మలుపులో ఇండికేటర్ వేశావా?"

వేశాను.